ఎక్కడికని అడగని ఇల్లు

మా ఇంట్లో గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని కాదని మా అత్త పట్టింపు. ఆవిడ పుట్టిల్లు గంజాం వైపు. తిట్టడం ఒడియాలో, దీవించడం తెలుగులో. ఎవరైనా నోరు జారి ఎక్కడికని అడిగారా, చెప్పులు విడిచి లోపలికి రావాలి, పీట మీద కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, కాసేపాగి మళ్ళీ బయల్దేరాలి. మన దేశంలో చాలా ఇళ్ళలో ఉన్న సంగతే ఇది. కాని ఈ పట్టింపుతో యాంగోన్‌లో కాపురం చెయ్యడం ఎంత కష్టమో ఇక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. బర్మావాళ్ళు దారిలో ఎదురుపడితే నమస్కారానికి బదులు అడిగేదే అది. "బే త్వామలొ లే?" ఎక్కడికి వెళ్తున్నారు అని. వాళ్ళకి జవాబు అక్కర్లేదు. "ఇక్కడికే" అనేసి నవ్వి పోవచ్చు. మనిషిని చూసి పలకరించకుండా పోలేక అడుగుతారు, అంతే.

మా అత్తకి ఆ పలకరింపు వినపడితే చాలు, కాలు వెనక్కి పడేది. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో మా మేడ మెట్లు దిగి వీధి చివరకి చేరేసరికి ఆ మాట ఎందరో అంటారు. అందుకని ఊరు లేవక ముందే బయల్దేరేవాళ్ళం. మా పొరుగున ఒక బర్మా ముసలావిడ ఉండేది. మేం 'అడో' అనేవాళ్ళం, అంటే పిన్నమ్మ అని. ఆవిడ మాత్రం మా అత్త సంగతి ఎరిగిన మనిషి. మేం సంచులతో దిగుతుంటే మొహం గోడవైపు తిప్పుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నవ్వు భుజాల్లో తెలిసిపోయేది. మా అత్త అది చూసి, "దీని నవ్వు మండిపోనూ, నోరు మాత్తరం మంచిది" అనుకుంటూ దిగేది.

మేం బయల్దేరేది నడకకి. ఇప్పటివాళ్ళు ట్రెక్కింగ్ అని బూట్లు కొనుక్కుంటున్నారు. మాకు అప్పుడు రబ్బరు చెప్పులే. మా ఆయన ఓడరేవులో మూటలు మోసేవాడు. వారమంతా బరువు కింద వంగి నడిచిన మనిషికి ఆదివారం వట్టి చేతులతో, తల ఎత్తుకుని నడవాలనిపించేది. వాళ్ళ తమ్ముడు, అంటే మా మరిది, రైలు షెడ్డులో ఫిట్టరు. వాడికి పాసు ఉండేది కనక ఊరి చుట్టూ తిరిగే రైలు వాడి సొంతం అన్నట్టు మాట్లాడేవాడు. మా అత్త, మా ఆయన, మరిది, నేను. నలుగురం పొద్దున బండి ఎక్కి మింగళాడోన్‌లో దిగేవాళ్ళం. అక్కడ విమానాల రొద, సిపాయిల ఇళ్ళు, బస్సుల కోసం తోసుకునే జనం. అవన్నీ దాటి ఒక గంట నడిస్తే నేల రంగు మారిపోతుంది. ఎర్రటి గులక నేల. రోడ్లకి రాయి తవ్వుకుపోయిన గుంటలు, వాటి పక్కన బోడి దిబ్బలు. వానాకాలం అంతా ఈ దేశం పచ్చగా నానుతుంది గాని, ఆ గులక నేల మాత్రం వాన ఆగిన నెలకే ఎండిపోతుంది. ఎండాకాలం వెళితే చెట్టుకి ఆకు ఉండదు, గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మా మరిది దాన్ని ఎడారి అనేవాడు.

"ఎడారి నువ్వెక్కడ సూసినావురా?" అనేది మా అత్త.

"సినిమాలో సూసినాను. ఇలాగే ఉంటాది. ఒంటెలు లేవంతే."

"ఉన్నాయి గదా. మీ అన్న సూడు, నీల్లు తాగకండా ఎలా నడస్తన్నాడో."

ఆ దిబ్బల నడుమ ఒక వాగు. మా ఆయన అక్కడికి చేరగానే మోకాళ్ళ మీద కూర్చుని ఇసకలో చెలమ తవ్వేవాడు. అది వాళ్ళ తాతల నాటి పని. వంశధార ఒడ్డున నేర్చి ఓడెక్కి వచ్చారు. ఎండిన వాగులో మెత్తగా ఉన్న చోటు చేత్తో తడిమి చూసి తవ్వుతారు, చుట్టూ రాళ్ళు పేర్చి అంచు కడతారు. మొదట ఊరేది బురద నీరు. దాన్ని తోడి పారబొయ్యాలి. తొందరపడకుండా కూర్చుంటే తేట నీరు వస్తుంది. మాతో ఎప్పుడైనా వచ్చిన బర్మా స్నేహితులు అది చూసి ఇదేం విద్య అనేవారు. మా మరిది అన్నని మించినవాడు. వాడు కట్టిన అంచు మేం వారం తరవాత వెళ్ళినా కదిలేది కాదు.

వాగు అవతల దిబ్బ మీద ఒక పెద్ద ఉసిరి చెట్టు. ఆ గులకలో అది ఎలా బతికిందో నాకు ఇప్పటికీ తెలీదు. కార్తీకంలో మా వీధిలో తెలుగువాళ్ళంతా అక్కడికే వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. గిన్నెలు, చాపలు, పసిపిల్లలు, అన్నీ రైల్లోనే. దిబ్బ మీద మూడు రాళ్ళ పొయ్యిలు వరసగా వెలిగేవి. మా అత్త ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. చెట్టుకి పూజ అయి, కొడుకుల విస్తళ్ళలో తన చేత్తో వడ్డించి, వాళ్ళు మొదటి ముద్ద తిన్నాకే తను కూర్చునేది.

ఇక ఆ సంవత్సరం సంగతి. సర్కారు దిగిపోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చిన సంవత్సరం. వానల్లో మొదలైంది. విద్యార్థులు నడిచారు, వాళ్ళ వెనక బౌద్ధ సన్యాసులు నడిచారు, తరవాత గుమస్తాలు, నర్సులు, రేవు కూలీలు, మేం. నేనూ నడిచాను. మా వీధిలో వంట మానేసి నడిచిన ఆడవాళ్ళు ఉన్నారు. మా మరిది మాత్రం షెడ్డువాళ్ళ జెండా పట్టుకుని అందరికన్నా ముందు నడిచాడు. పొడుగు మనిషి. ఎక్కడున్నా కనపడతాడు. ఫోటోలు తీసేవాళ్ళకీ కనపడ్డాడు.

తరవాత కాల్పులు. చూసినదంతా ఇక్కడ రాయను. మా వీధి మలుపులో ఒక సాయంత్రం చెప్పులు మిగిలాయి, మనుషులు లేరు. అది చాలు.

సైన్యం అంతా చేతిలోకి తీసుకున్నాక ఊరు ఒక్కసారిగా నోరు మూసుకుంది. అయిదుగురికి మించి ఒక చోట చేరకూడదన్నారు. ఇంటికి చుట్టం వస్తే వార్డు మనిషికి చెప్పాలి. బయటి దేశం నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు. అంతకు ముందు మాత్రం ఏం తలుపులు తెరుచుకుని ఉన్నాయి గనక! కాని ఇప్పుడు వీధికి వీధికి మధ్య, ఇంటికి ఇంటికి మధ్య కూడా తలుపులు పడ్డాయి. లత పేటలో ఉన్న మా అమ్మకి ఒంట్లో బాగులేదని నాకు పది రోజులకి తెలిసింది. లత ఎంత దూరం? నడిచి వెళ్ళొచ్చు.

మా మరిది కోసం సిపాయిలు వచ్చారు. వాడప్పుడు ఇంట్లో లేడు. మా అత్త గుమ్మంలో నిలబడి, వచ్చీరాని బర్మా మాటల్లో, నాతో దెబ్బలాడి మాండలే పోయాడు, కనపడితే మీరే నాలుగు తన్నండి అని చెప్పింది. మంచాల కింద చూసి వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తామన్నారు. ఆ సాయంత్రం నుంచి వాడు మా వంటగది మీద అటక మీద ఉన్నాడు. దసరా అక్కడే, దీపావళి అక్కడే. పొడుగు మనిషి కనక కాళ్ళు చాపుకోడానికి లేదు. పగలు వంట చేస్తుంటే పైనుంచి సన్నగా చప్పుడు వినపడేది. పిక్కలు తోముకునేవాడు.

"వొదినా," అనేవాడు అటక సందులోంచి, "కాల్లు మర్సిపోతన్నాయి. నన్నెక్కడికైనా నడిపించీండి."

"నడుద్దువుగాని, ముందు నోరు ముయ్యి," అనేదాన్ని. భయం నాకు కోపంగానే వస్తుంది, ఇప్పటికీ.

దారి దొరికింది మా దిబ్బ దగ్గరే. ఉసిరి చెట్టుకి అవతల రాతి గనిలో పనిచేసే గంజాం మనిషి ఒకడున్నాడు. మా అత్తకి పుట్టింటి వరస. అక్కడ రాయి ఎత్తే లారీ ఒకటి ఆదివారం మధ్యాహ్నం పెగూ వైపు వెళ్తుంది. కూలీలా ఒక మనిషిని ఎక్కించుకుంటానని డ్రైవరు ఒప్పుకున్నాడు. ఎండ నడినెత్తికి రాగానే బయల్దేరతాను, ఎవరి కోసమూ ఆగను అన్నాడు. పెగూ నుంచి మరో మనిషి, అక్కడినుంచి ఇంకో మనిషి, అలా సరిహద్దు దాకా. తప్పితే మళ్ళీ ఆ డ్రైవరు ఒప్పుకోడు. ఈలోపల వాళ్ళు మా అటక చూస్తే వాడు మాకు దక్కడు. సంగతి ఇంత.

సైన్యం ఉండే మింగళాడోన్ మీదుగానా అని నేను అడిగాను. మా ఆయన ఆలోచించే మనిషి. "యేటా కార్తీకంలో మనం అక్కడికే ఎల్తాం. ఎప్పుడూ ఎల్లే సోటికి ఎల్లే మనిసిని ఎవులూ సూడరు," అన్నాడు. ఆ యేడు వీధంతా కలిసి వనభోజనాలు లేవు. అందరూ కలిస్తే నేరం. మేం నలుగురం వెళ్ళొచ్చు. వాడు వట్టి చేతులతో ముందు వెళ్ళాలి, ఒంటరిగా మూట పట్టుకున్న మగవాళ్ళని ఆపుతున్నారు కనక. స్టేషన్లో మేం వచ్చాక అదే బండి వేరే పెట్టెలో ఎక్కాలి. చెట్టు దగ్గర కలవాలి. బట్టలు, దుప్పటి, అన్నం, అన్నీ మా బుట్టల్లో. మా పిల్లల్ని ముందు రోజే లతలో మా అమ్మ దగ్గర దింపేశాం.

ఇంటి దగ్గర వాడికి నాలుగు ముద్దలు పెడతానని నేనన్నాను. మా అత్త పెట్టనివ్వలేదు. "కార్తీకం. సెట్టు కింద నా సేత్తో ఎట్టి పంపుతాను. అంతవరకు ఆడూ తినడు, నానూ తినను." తెల్లవారుతుండగా వాడు అటక దిగాడు. కాళ్ళు నిలవక గోడ పట్టుకున్నాడు. తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "ఇక్కడ కాదు, అక్కడ ఎట్టు," అంది. వాడు వెళ్ళాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. ఆవిడ మొహం చూశాను. పని సగం అయిపోయినట్టే ఉంది.

తరవాత మేం దిగాం. మా ఆయన చేతిలో పెద్ద బుట్ట, నా చేతిలో గిన్నెలు, మా అత్త చేతిలో పసుపూ కుంకుమ, అరిటాకుల కట్ట. అడో మెట్ల కింద గిన్నెలో అన్నంతో నిలబడి ఉంది, సన్యాసులు భిక్షకి వచ్చే వేళ అది. ఎప్పటిలా గోడవైపు తిరగలేదు. ఆ నెలల్లో మా మేడలోంచి బుట్టలతో బయటికి వెళ్ళిన వాళ్ళే లేరు. మమ్మల్ని చూసి ఆవిడ మొహం తెల్లబోయింది. అటక మీద చప్పుడు ఆవిడకీ వినపడేదని నాకు తరవాత తెలిసింది.

"బే త్వామలొ లే?" అంది. పలకరింపులా అనలేదు. నిజంగా అడిగింది.

మా అత్త ఆగిపోయింది. నాకు భయం వేసింది, అడో అడిగినందుకు కాదు, మా అత్త సంగతి తెలుసు కనక. ఆవిడ వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది.

"అత్తా! బండి ఎల్లిపోతాది."

"ఎల్లనీ."

"అమ్మా, ఇక్కడే తాగీ," అన్నాడు మా ఆయన. సీసా మూత తీశాడు.

"నిలబడి తాగితే సెల్లదు. కూసోవాల."

"మెట్టు మీద కూసో."

"గడప లోపల కూసోవాల. ఒరే, నీకేటి తెలుసు? ఆడు దాటాల్సింది వీది కాదు, దేసం. ఇలాటప్పుడు ఎదురొచ్చి అడిగినాక నానెల్తే, ఆడికేటైనా అయితే నువ్వు తెస్తావేటి ఆడ్ని?"

మా ఆయన సీసా మూత బిగించాడు. పైకి వెళ్ళాం. ఆవిడ పీట వేసుకుంది. ఉపవాసం కనక నీళ్ళు మింగకూడదు, తాగకపోతే దోషం పోదు. ఆ రెండిటి మధ్యా గ్లాసు పట్టుకుని కూర్చుంది. చివరికి పెదవులు తడుపుకుని, మా ఇద్దరి చేతా తాగించింది. ఇంకా కాసేపు ఆగమంది. నేను గుమ్మం దగ్గర నిలబడి రైలు కూత వినపడుతుందేమోనని చెవి రిక్కించాను. అడో కింద ఏడుస్తోంది. తనేం చేసిందో ఆవిడకి తెలిసిపోయింది.

స్టేషన్‌కి పరిగెత్తాం. బండి వెనక పెట్టె ప్లాట్‌ఫారం చివర కనపడింది, పోయింది. ఎక్కడా మరిది లేడు. ఎక్కాడు. మేం ఏదో పెట్టెలో ఉన్నామనుకుని ఎక్కి ఉంటాడు. లేదా రాలేదని చూసి కూడా ఎక్కి ఉంటాడు.

తరవాతి బండి ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో రైళ్ళు అలాగే నడిచేవి. వచ్చాక కూడా ఒక చోట ఊరికే ఆగిపోయింది. మా అత్త కిటికీ దగ్గర కూర్చుని ఎండ ఎంత ఎక్కిందో చూస్తోంది. అరిటాకుల కట్ట ఒళ్ళో పెట్టుకుంది. దాని ఈనెలు తను వేళ్ళతో గీరుతుంటే చప్పుడు.

మింగళాడోన్‌లో సిపాయిలు బుట్టలు దింపించారు. ఒక సిపాయి, మీసం కూడా సరిగ్గా రాని వాడు, మూతలు తీశాడు. పులిహోర, పప్పు, గుమ్మడికాయ ముక్కలు. దుప్పటి ఎత్తాడు.

"ఇదెందుకు?"

"కింద పరుచుకోడానికి," అన్నాడు మా ఆయన.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

అదే మాట. నేను మా అత్త వైపు చూశాను. పీట లేదు, గడప లేదు, ఇక్కడ వెనక్కి తిరిగితే కాలుస్తారు. ఆవిడ ఆ మాటకి జవాబు చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. బర్మా మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని చెప్పింది. "జిబ్యూ చెట్టు దగ్గరికి. అన్నం పెట్టడానికి." ఉసిరిని ఇక్కడ జిబ్యూ అంటారు. ఎవరికి పెట్టడానికని వాడు అడగలేదు. వీళ్ళూ చెట్లకి అన్నం పెడతారు. మూతలు మూసి పొమ్మన్నాడు.

ఆ నడక రాయడం నాకు కష్టం. ఎన్నో ఏళ్ళు సరదాగా నడిచిన దారి. ఏ మలుపు దగ్గర ఎవరు జారిపడ్డారో, ఏ దిబ్బ మీద మరిది ఒంటెలా నడిచి చూపించాడో, అన్నీ అక్కడే ఉన్నాయి. మా అత్త అన్నిటినీ దాటుకుంటూ ముందు పోతోంది. చెప్పులు చేత్తో పట్టుకుంది. గులక కాళ్ళకి గుచ్చుకుంటోంది, చూడటం లేదు. మా నీడలు పొట్టివైపోయి కాళ్ళ కిందకి వచ్చేశాయి. మా ఆయన బుట్ట నా చేతికిచ్చి గని వైపు పరిగెత్తాడు.

మేం వాగులోకి దిగాం. ఆ యేడు వానలు ముందే తగ్గాయి, వాగు ఎండి ఉంది. మధ్యలో చెలమ. చుట్టూ రాళ్ళు చిన్నదాని మీద పెద్దది కాకుండా, ఒకదాని ఒళ్ళో ఒకటి ఇమిడేలా పేర్చి ఉన్నాయి. వాడి చెయ్యే. లోపల నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున గులక కనపడుతోంది. తవ్వి చాలా సేపయిందన్న మాట. దిబ్బ మీద చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి ఉన్నాయి. పుల్లలు ఏరి పక్కన వేసి ఉన్నాయి. తల్లి వచ్చి వెలిగించడమే తరువాయి. వాడు లేడు.

మా ఆయన వచ్చాడు, వెనక గని మనిషి. అతని మొహం చూసి మా అత్త ముందే కూర్చుండిపోయింది.

"ఎల్లిపోనాడమ్మా. లారీ ఇంతకుముందే ఎల్లింది."

అతను తల గోక్కున్నాడు. చెప్పాలా వద్దా అని చూశాడు.

"ఆగనన్నాడు డ్రైవరు. మీవోడేమో ఎక్కనన్నాడు. మావోల్లు రాలేదు, బండిలో నేరు, మా అమ్మని పట్టీసుకున్నారు, నానెనక్కెల్తానని వాగు దాకా వొచ్చీసినాడు. నానే మెడట్టుకుని తోసీసి ఎక్కించినాను. తప్పయితే సెమించు."

"తప్పు కాదు," అంది మా అత్త. మళ్ళీ అంది. "తప్పు కాదు నాయినా." తరవాత, "ఏటైనా తిన్నాడా?"

"మా ఇంట్లో గంజి తాగినాడు."

"ఉప్పేసినారా?"

"ఏసినామమ్మా. ఉల్లిపాయ కూడా ఇచ్చినాం."

ఆవిడ తల ఊపింది. లేచి పొయ్యి వెలిగించమంది నన్ను. అన్నం ఇంటి దగ్గరే వండి తెచ్చాం, పొయ్యి అక్కర్లేదు. అయినా వెలిగించాను. వాడు ఏరి పెట్టిన పుల్లలే. చెట్టుకి పసుపు రాసింది, ఆకు వేసింది, అన్నీ వడ్డించింది. ఆ ఆకు ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత ఆ ఆకూ, బుట్టలో ఉన్నదంతా గని మనిషి చేతికిచ్చి, పిల్లలకి పెట్టమంది. దుప్పటీ ఇచ్చేసింది. తను వాగులోకి దిగి చెలమలో నీళ్ళు దోసిలితో తాగింది. ఆ రోజు ఆవిడ ఉపవాసం అలా తీరింది.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అడో మెట్ల మీదే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది. పొద్దున వార్డు మనిషి వచ్చి మా తలుపు కొట్టాడని, వాళ్ళు గుడికి వెళ్ళారని ఆవిడే చెప్పి పంపేసిందని పక్క వాటావాళ్ళ వల్ల తెలిసింది. మా అత్త నేరుగా మా ఇంటికి పోతుందనుకున్నాను. పోలేదు. ఆ మెట్టు మీదే ఆవిడ పక్కన కూలబడింది. కాళ్ళు చాపుకుంది, అరికాళ్ళు ఎర్రగా చిట్లి ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళామో, ఎందుకు వెళ్ళామో మొత్తం చెప్పింది, సగం బర్మాలో, సగం తెలుగులో. అడోకి ఎంత అర్థమైందో తెలీదు. అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని గులక రాళ్ళు ఏరింది.

నేనేమనుకున్నానంటే, రేపటి నుంచి మా అత్త ఆ ముసలిదాని మొహం చూడదు, పట్టింపు ఇంకా బిగుస్తుంది అనుకున్నాను. జరిగింది అది కాదు. మర్నాడు పొద్దున మా ఆయన రేవుకి బయల్దేరుతుంటే ఆవిడ లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎటెల్తన్నావు?"

మా ఆయన నిర్ఘాంతపోయి చెప్పు విడవబోయాడు.

"ఇడవకు. సెప్పి ఎల్లు."

"రేవుకి."

"ఏ దారంట?"

చెప్పాడు. అప్పుడు వెళ్ళనిచ్చింది. ఆ రోజు నుంచి చచ్చిపోయే దాకా మా ఇంట్లోంచి ఒక్కరిని కూడా అడగకుండా పోనివ్వలేదు. మెట్ల మీద కూర్చుని మేడలో అందరినీ అడిగేది, బర్మాలో, గట్టిగా. చీనావాళ్ళని, ముస్లిములని, కూరగాయల మనిషిని. "ఇక్కడికే" అంటే ఊరుకునేది కాదు. ఒకసారి నేనే దెప్పాను.

"ఏటత్తా, ఇప్పుడు దోసం నేదా?"

"దోసమో గీసమో. ఆ దినం స్టేషన్లో ఆడికి ఎవులైనా సెప్పుంటే? మీ అమ్మ ఇంటికాడ నీల్లు తాగుతంది, ఎనక బండిలో వస్తాదని? ఎవులెటెల్లినారో ఒకలికి తెలియాల. తెలకపోతే మనిసి పిచ్చోడైపోతాడు."

మా మరిది బతికే ఉన్నాడని కబురు రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. లారీ డ్రైవరు గని మనిషికి చెబితే అతను వచ్చి చెప్పాడు. అవతలి దేశంలో ఏదో చేపల రేవులో పని అట. మా అత్త తిరుగు కబురు పంపింది. మేం అందరం ఏమేమో చెప్పమన్నాం, పెళ్ళి చేసుకోమని, ఒళ్ళు చూసుకోమని. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "బండి తప్పిపోయినామని సెప్పండి. మమ్మల్ని ఎవులూ పట్టుకోనేదని. నా మూలంగా తప్పిందని. ఇంకేటీ వొద్దు," అంది. ఆ మాట వాడికి చేరిందో లేదో తెలీదు. మళ్ళీ కబురు లేదు. వచ్చాడా అని అడుగుతారు అందరూ. రాలేదు.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ కార్తీకంలో ఆ దిబ్బకి వెళ్ళాం. చెలమ అంచు మొదటి వానకే పోయింది. మా ఆయన మళ్ళీ తవ్వేవాడు, ఆవిడ పక్కన కూర్చుని రాళ్ళు అందించేది. తరవాత గని లోతు పెరిగి దిబ్బ సగం పోయింది. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ గోడలు. చెట్టు సంగతి తెలీదు. మా ఆయన కూడా లేడు. ఆ దారి నాకు ఇప్పుడు కాళ్ళలో లేదు గాని కళ్ళలో ఉంది.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. మా మనవరాలు నేర్పింది, వీధిలోకి వెళ్ళడానికి లేని రోగం రోజుల్లో, ఇద్దరం ఒకే గదిలో పడి ఉండగా. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గాని మాటలు సగం బర్మాలో వస్తాయి. తనకి తెలిసిన తెలుగు అక్షరాలన్నీ నాకిచ్చేసింది. రోగం తగ్గకుండానే మళ్ళీ సైన్యం వచ్చింది. మళ్ళీ జనం వీధుల్లోకి వచ్చారు, గిన్నెలు మోగించారు, నేనూ కిటికీలోంచి మోగించాను. మళ్ళీ కాల్పులు. నాకు రెండోసారి కనక ఏడుపు తక్కువ వచ్చింది, కోపం ఎక్కువ వచ్చింది.

మా మనవరాలు పొడుగు పిల్ల. ఎక్కడున్నా కనపడుతుంది. అందరూ మా మరిది పోలిక అంటారు. నేను ఆ మాట అననివ్వను.

ఇవాళ పొద్దున చిన్న సంచి భుజానికి తగిలించుకుని చెప్పులు వేసుకుంటోంది. బరువైన సంచి కాదు. అయినా దాన్ని పట్టుకున్న తీరు నాకు నచ్చలేదు.

"ఎటెల్తన్నావే?"

"ఇక్కడికే నాన్నమ్మా." నవ్వింది, బర్మావాళ్ళు నవ్వినట్టే.

"ఇక్కడికే అంటే ఎక్కడికి?"

"అబ్బా, లేట్ అయిపోతోంది."

"అవనీ. బండి తప్పిపోతే ఇంకోటెక్కు. సెప్పి ఎల్లు."

మెట్టు మీద ఆగిపోయింది. కిందికి చూసింది, పైకి చూసింది, ఎవరూ లేరు. వెనక్కి రెండు మెట్లెక్కి వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఏ దారిని వెళ్తుందో కూడా చెప్పింది.

ఎక్కడికో ఇక్కడ రాయను. నాకు తెలుసు.